చలి దేశంలో ఇంటి పంట: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

బ్రిటన్‌లోనూ దాని పొరుగున ఐర్లండ్‌లోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి ఈ విడత పెరటి సాగు గురించి చాలా ప్రశ్నలు అందాయి. ఒకే రకమైన వాటిని కలిపి, ఎక్కువ మందికి ఉపయోగపడేవి ఎంచి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఆ చలికి మన కూరగాయలు పండవేమోనన్న దిగులు కనిపించింది. చలి నిజంగానే అడ్డంకి. అయితే మన విత్తనం అక్కడ ఎందుకు మొరాయిస్తుందో తెలియాలంటే ఉష్ణోగ్రతతో పాటు పగటి పొడవును కూడా చూడాలి. తోటపని పుస్తకాలు అక్కడి పంటలను దృష్టిలో పెట్టుకుని రాసినవి గనుక ఈ సంగతి వాటిలో అంతగా కనిపించదు. అందువల్ల కింది సమాధానాల్లో దానిని పదేపదే ప్రస్తావించవలసి వచ్చింది.

ప్రశ్న: ఇక్కడి భారతీయ దుకాణంలో కొన్న పాదు చిక్కుడు గింజలను మే నెలాఖరున పెరట్లో నాటాను. తీగ కంచె పొడవునా అల్లుకుంది, ఆకు ముదురు పచ్చగా ఉంది, కాని సెప్టెంబరు రెండో వారం వరకు ఒక్క పువ్వు కూడా రాలేదు. తీరా పూత మొదలయ్యాక అక్టోబరులో మంచు పడి తీగంతా నల్లబడిపోయింది. ఎరువు ఎక్కువైందంటారా? — ఒక పాఠకురాలు, లీడ్స్

సమాధానం: నత్రజని ఎక్కువైతే ఆకు విపరీతంగా పెరిగి పూత ఆలస్యమయ్యే మాట నిజమే గాని, మీరు రాసిన తేదీలను బట్టి చూస్తే ఇక్కడ తప్పు ఎరువుది కాదు. మన పాదు చిక్కుడు పగలు కురచగా, రాత్రి పొడవుగా ఉన్నప్పుడు మాత్రమే పూసే మొక్క. తొలకరిలో పెట్టిన పాదు దసరా, దీపావళి రోజుల్లో పూతకు వచ్చి సంక్రాంతికి ముమ్మరంగా కాయడం మన ఊళ్లలో అందరూ ఎరిగినదే. దానికి కారణం కూడా ఇదే. విజయవాడలో జూన్‌లో పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో 11 గంటల పైచిలుకు. అంటే ఏడాది మొత్తం మీద తేడా రెండు గంటలకు మించదు, ఆ కొద్ది తేడానే మన మొక్కలు పసిగట్టి పూస్తాయి. లీడ్స్‌లో జూన్‌లో పగలు సుమారు 17 గంటలు, డిసెంబరులో ఏడున్నర గంటలు. అంత పొడవైన వేసవి పగళ్లలో చిక్కుడు తీగ సాగుతూనే ఉంటుంది, పూయవలసిన వేళ వచ్చిందన్న సంకేతం మాత్రం దానికి అందదు. పగలు 13 గంటలకు తగ్గేసరికి సెప్టెంబరు వచ్చేస్తుంది, అప్పుడు పూసినా కాయ ఊరడానికి చాలినంత వెచ్చదనం మిగలదు.

దీనికి మూడు దారులున్నాయి. పగటి పొడవుతో నిమిత్తం లేకుండా పూసే పొద చిక్కుడు రకాలు ఎంచుకోవడం మొదటిది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క జయ్, అర్క విజయ్ అటువంటివే. అయితే వాటికీ వెచ్చదనం కావాలి కాబట్టి గ్రీన్‌హౌస్‌లోనో పాలిథిన్ గుడారంలోనో పెంచాలి. మొక్కను పెద్ద కుండీలో పెంచి, జూలై నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి వెలుగు చొరబడని నల్లటి గుడ్డ కప్పి మర్నాడు ఉదయం ఎనిమిదింటికి తీయడం రెండో దారి. ఇది పనిచేస్తుంది గాని ఒక్క రోజు కూడా మరవకుండా చేయాలి, ఉద్యోగాలకు వెళ్లే వారికి అది సాగే పని కాదు.

మూడోది, నేను మనస్ఫూర్తిగా చెప్పేది, ఆ కంచె మీదికి రన్నర్ బీన్స్ ఎక్కించడం. మెక్సికో, మధ్య అమెరికాల కొండ ప్రాంతాలు దీని పుట్టిల్లు. అందువల్ల బ్రిటన్ వేసవిలోని చల్లదనం దీనికి సరిగ్గా సరిపోతుంది. మే రెండో పక్షంలో గింజ పెడితే జూలై ఆఖరు నుంచి మంచు పడేదాకా ఎర్రటి పూలతో, జానెడు కాయలతో విరగకాస్తుంది. కాయను లేతగా ఉండగానే, లోపలి గింజ బయటికి ఉబికి కనిపించక ముందే కోసి, రెండు పక్కలా నార తీసి సన్నగా తరిగి, అల్లం పచ్చిమిరప ముద్ద వేసి కూర వండితే చిక్కుడుకాయ కూరకు చాలా దగ్గరగా వస్తుంది. రెండు రోజులకొకసారి కోయకపోతే కాయ ముదిరి, కొత్త పూత తగ్గిపోతుంది. ముదిరిన గింజలను మాత్రం నానబెట్టి, ఆ నీరు పారబోసి, బాగా ఉడికించి తినాలి. పచ్చిగా గాని, సగం ఉడికినవి గాని తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి.

ఉల్లి విషయంలో ఇదే లెక్క తిరగబడుతుంది. మన వైపు ఉల్లి రకాలు పగలు పదకొండు పన్నెండు గంటలుంటే చాలు, గడ్డ కట్టడం మొదలుపెడతాయి. వాటిని బ్రిటన్ వసంతంలో నాటితే ఆకు పెరగక ముందే గడ్డకు దిగి, చివరకు గోలీ అంత ఉల్లిపాయ చేతికి వస్తుంది. ఉల్లి గడ్డ కోసమైతే అక్కడి దీర్ఘ దిన రకాల (పగలు బాగా పొడవైనప్పుడే గడ్డ కట్టేవి) చిన్న గడ్డలనే మార్చి, ఏప్రిల్ నెలల్లో నాటుకోండి.

ప్రశ్న: టొరంటోలో ఉండే మా చెల్లెలు ప్రతి వేసవిలోనూ బెండకాయలు, దోసకాయలు బుట్టల కొద్దీ కోస్తుంది. అక్కడ శీతాకాలం మాకన్నా ఎంతో కఠినం కదా, మాకు మాత్రం బెండ మొక్క జానెడు కూడా ఎదగదు. మేము చేస్తున్న లోపమేమిటి? — ఒక పాఠకుడు, గ్లాస్గో

సమాధానం: మీలో లోపమేమీ లేదు. బెండను పండించేది శీతాకాలం కాదు, వేసవి. జూలైలో టొరంటో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 27 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది, రాత్రిళ్లు కూడా వెచ్చగానే ఉంటాయి. గ్లాస్గోలో అదే నెలలో పగటి గరిష్ఠం సగటున 20 డిగ్రీలు కూడా దాటదు. బెండకు నేల కనీసం 18 డిగ్రీల వేడెక్కాలి, రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దిగకుండా ఉంటేనే అది హాయిగా ఎదుగుతుంది. సముద్రపు గాలి మీ శీతాకాలాన్ని మెత్తబరుస్తుంది, ఆ గాలే మీ వేసవిని కూడా చల్లబరుస్తుంది. కెనడా, ఉత్తర అమెరికా లోతట్టు ప్రాంతాల్లో చలి ఎముకలు కొరికేటట్టు ఉన్నా వేసవి మూడు నెలలు మాత్రం మన వైపు పంటలకు పనికివస్తాయి. మినియాపోలిస్‌లో ఉండేవారు దోస, బీర, సొర పందిళ్లు వేయగలగడం కూడా ఇందువల్లనే.

అమెరికా వ్యవసాయ శాఖ పటంలోని జోన్ అంకెను చూసి పంటలు ఎంచుకునేవారు కూడా ఇక్కడే పొరబడుతున్నారు. ఆ అంకె ఏటా శీతాకాలంలో నమోదయ్యే అత్యల్ప ఉష్ణోగ్రతల సగటును మాత్రమే చెబుతుంది. ఏ పండ్ల చెట్టు చలికి చచ్చిపోకుండా బతుకుతుందో తెలుసుకోవడానికి అది పనికివస్తుంది, బెండ కాస్తుందో లేదో తెలుసుకోవడానికి పనికిరాదు.

గ్లాస్గోలో బెండ మీద మీరు పెట్టే శ్రమను బఠాణీ మీద, బ్రాడ్ బీన్స్ మీద, బంగాళాదుంప మీద పెట్టండి. ఇంట్లో కోసిన పచ్చి బఠాణీ రుచి దుకాణంలో కొన్నదానికి ఎన్నటికీ రాదు, ఎందుకంటే కోసిన కొద్ది గంటల్లోనే దానిలోని చక్కెర పిండిగా మారడం మొదలవుతుంది. క్యాబేజీ, బీట్‌రూట్, క్యారెట్, కేల్ మీ ఊళ్లో మన హైదరాబాద్‌కన్నా బాగా పండుతాయి. పొడవాటి తెల్ల ముల్లంగిని మాత్రం జూలై మధ్య వరకు విత్తకండి, అంతకు ముందు వేస్తే పొడవైన పగళ్లకు దుంప ఊరకుండానే పూతకాడ వేసేస్తుంది. ఎండ తగిలే గ్రీన్‌హౌస్ ఉండి, బెండ మీద మనసు చావకపోతే పెద్ద కుండీల్లో రెండు మూడు మొక్కలు పెంచుకోండి, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు.

ప్రశ్న: కరివేపాకు మొక్క వేసవిలో బాగానే ఉండి, నవంబరు రాగానే ఆకులు పసుపుబారి రాలిపోతోంది. చచ్చిపోయిందని ఒక మొక్కను పారేశాము. రెండోదీ అదే దారిలో ఉంది. ఏం చేయాలి? — ఒక గృహిణి, రెడింగ్

సమాధానం: దయచేసి ఈ మొక్కను పారేయకండి. వెలుగు, వెచ్చదనం తగ్గినప్పుడు కరివేపాకు ఆకు రాల్చి నిద్రావస్థలోకి పోవడం సహజం. ప్రాణం ఉందో లేదో తెలుసుకోవడానికి కాండాన్ని మొదటికి దగ్గరగా గోటితో కొద్దిగా గీకి చూడండి. పై పొర కింద పచ్చగా, తడిగా కనిపిస్తే మొక్క బతికే ఉన్నట్టు. గోధుమ రంగులో ఎండి ఉంటే ఇంకా కిందికి, మట్టికి రెండంగుళాల ఎత్తులో మరోసారి గీకి చూడండి, చాలాసార్లు అక్కడ పచ్చదనం మిగిలి ఉంటుంది.

శీతాకాలంలో కరివేపాకు చావడానికి చలికన్నా నీరే ఎక్కువగా కారణమవుతుంది. ఆకు లేని మొక్క నీరు పీల్చదు, ఎప్పటిలాగే రోజూ పోసిన నీరు కుండీ అడుగున నిలిచి, చల్లటి మట్టిలో వేళ్లు కుళ్లిపోతాయి. కాబట్టి అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా పైన రెండంగుళాల మట్టి పూర్తిగా ఆరిన తరువాతనే, అదీ గది ఉష్ణోగ్రతలో ఉన్న నీటిని కొద్దిగా పోయండి. రాత్రి ఉష్ణోగ్రత 12 డిగ్రీలకు తగ్గకముందే, అంటే సాధారణంగా సెప్టెంబరులోనే, మొక్కను లోపలికి తెచ్చి దక్షిణపు కిటికీ దగ్గర ఉంచండి. రేడియేటర్ పక్కన పెడితే పొడి వేడికి ఎర్రనల్లి పడుతుంది. ఆకుల అడుగున సన్నటి సాలెగూడు లాంటి తీగలు కనిపిస్తే మొక్కను స్నానాల గదిలోకి తీసుకెళ్లి, గోరువెచ్చని నీటితో ఆకుల అడుగు భాగమంతా కడగండి. కాండానికి అంటుకుని కనిపించే గోధుమ రంగు బొడిపెలు పొలుసు పురుగులు, వాటిని పాత పళ్లకుంచెతో రుద్దితే ఊడిపోతాయి.

ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపుబారుతున్నట్లయితే అది ఇనుము లోపం. రెడింగ్‌లోనూ లండన్ చుట్టుపక్కలా కుళాయి నీటిలో సున్నం ఎక్కువ. ఆ నీరే పోస్తూ ఉంటే మట్టి క్షారగుణం పెరిగి, ఉన్న ఇనుమును కూడా మొక్క తీసుకోలేదు. వాన నీటిని తొట్టిలో పట్టి అదే పోయండి. కత్రీన్ సరస్సు నుంచి వచ్చే, సున్నం అంతగా లేని నీరు తాగే గ్లాస్గో వారికి ఈ సమస్య రాదు. మన ఇళ్లలో కరివేపాకుకు పుల్లమజ్జిగ పోసే ఆనవాయితీ ఉంది. మన ఎండలో, నేలలో అది చెల్లుతుంది గాని, శీతాకాలపు కుండీ మట్టిలో అది త్వరగా జీర్ణం కాక వాసన వేస్తుంది, దోమల వంటి చిన్న ఈగలు చేరతాయి. అంతగా పోయాలనిపిస్తే జూన్, జూలై నెలల్లో బాగా పలచన చేసి పోయండి.

మార్చిలో చిగురు కనిపించగానే పాత మట్టి కొంత దులిపి, ఒక్క సైజు మాత్రమే పెద్దదైన కుండీలోకి మార్చి, కొన తుంచండి. తుంచిన చోట రెండు మూడు కొమ్మలు వస్తాయి. ఆకులు ఒకటొకటిగా పీకడం కన్నా మొత్తం రెమ్మను కణుపు పైన కత్తిరించడం మొక్కకు మేలు.

ప్రశ్న: కొత్తిమీర, పాలకూర రెండూ మే నెలలో వేస్తే నాలుగు ఆకులు వచ్చీ రాకముందే పూతకు వెళ్లిపోతున్నాయి. — ఒక పాఠకురాలు, బర్మింగ్‌హామ్

సమాధానం: ఇవి చిక్కుడుకు పూర్తిగా విరుద్ధమైన స్వభావం గలవి. పగలు పొడవయ్యే కొద్దీ పూతకు తొందరపడతాయి. అందుచేత మే, జూన్ నెలలు వీటికి అన్నిటికన్నా చెడ్డ కాలం. కొత్తిమీరను మార్చి, ఏప్రిల్‌లలో ఒకసారి, ఆ తరువాత ఆగస్టు మొదటి వారం నుంచి సెప్టెంబరు మధ్య వరకు మూడు వారాల ఎడంతో విత్తుకోండి. ఆగస్టులో వేసిన కొత్తిమీర పగళ్లు తగ్గుతున్న రోజుల్లో పెరుగుతుంది కాబట్టి నిదానంగా, గుబురుగా ఎదుగుతుంది, కొద్దిపాటి మంచును కూడా తట్టుకుంటుంది. నారు పోసి పీకి నాటడం దానికి గిట్టదు, నేరుగా విత్తాలి. వంటింటి ధనియాలను చపాతీ కర్రతో తేలికగా నలిపి రెండు బద్దలు చేసి చల్లితే చాలు.

పాలకూర సంగతి వేరు. ఇంగ్లండ్ దుకాణాల్లో స్పినాచ్ పేరుతో అమ్మే విత్తనం మన పాలకూర కాదు. మన అంగళ్లలో దొరికే పాలకూర ఎక్కువగా బీట్‌రూట్ జాతికి చెందినది. దానికి అతి దగ్గరి చుట్టం అక్కడ పర్పెచువల్ స్పినాచ్ లేదా లీఫ్ బీట్ అన్న పేరుతో దొరుకుతుంది. ఏప్రిల్‌లో విత్తితే ఆ ఏడాదంతా పూతకు రాదు. చలికాలంలో ఎదుగుదల నిలిచినా చావదు, మళ్లీ వసంతంలో కొంతకాలం ఆకునిచ్చి ఆ తరువాతనే పూస్తుంది. పాలకూర పప్పు చేసుకునే ప్రతి ఇంట్లోనూ ఈ మొక్క ఒక వరుస ఉండాలని నా సలహా.

ప్రశ్న: గోంగూర లేని తెలుగు ఇల్లు ఇల్లులా ఉండదు. ఇంగ్లండ్‌లో పండుతుందా? పండకపోతే పుల్లకూరకు ప్రత్యామ్నాయం ఏమిటి? — ఒక పాఠకుడు, మిల్టన్ కీన్స్

సమాధానం: పండుతుంది, పైగా పగటి పొడవు ఇక్కడ మీకు అనుకూలంగా పనిచేస్తుంది. గోంగూర కూడా చిక్కుడు లాగా కురచ పగళ్లలో పూసే మొక్కే. కాని మనకు కావలసింది ఆకు గనుక, పూత రాకపోవడం మేలే. ఏప్రిల్ మధ్యలో ఇంట్లో, 20 నుంచి 25 డిగ్రీల వెచ్చదనంలో విత్తి, జూన్ మొదటి వారంలో గ్రీన్‌హౌస్‌లోకి, దక్షిణ ఇంగ్లండ్‌లో అయితే గాలి తగలని వెచ్చటి గోడ పక్కకు మార్చండి. అడుగు ఎత్తు రాగానే కొన తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. జూలై, ఆగస్టు నెలల్లో వారం పది రోజులకొకసారి కోసుకోవచ్చు. సెప్టెంబరులో రాత్రిళ్లు 10 డిగ్రీలకు దిగడంతో పెరుగుదల ఆగిపోతుంది కాబట్టి ఆ లోపే ఆకంతా దూసి, నూనెలో మగ్గబెట్టి నిల్వ చేసుకోండి. విత్తనం మాత్రం అక్కడ పండదు, ఏటా కొనుక్కోవలసిందే.

ఏడాది పొడవునా పులుపు కావాలంటే గార్డెన్ సోరెల్ నాటుకోండి. ఇది మన చుక్కకూరకు సొంత కుటుంబంలోని మొక్క, చలికి వెరవదు, ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉంటుంది. ఫిబ్రవరి చివర్లో తోటలో ఇంకేమీ లేనప్పుడే దీని చిగురు వస్తుంది. పప్పులో వేస్తే చుక్కకూర పప్పుకు తేడా కనిపెట్టడం కష్టం. రూబార్బ్ కాడ కూడా పుల్లగా ఉండి మామిడికాయ పప్పుకు, పచ్చడికి బాగా ఒదుగుతుంది. దాని ఆకు మాత్రం విషం, ఆకును పూర్తిగా తీసేసి కాడనే వాడాలి. నాటిన మొదటి ఏడాది కోయకుండా వదిలితే దుబ్బు బలపడుతుంది. గోంగూర, సోరెల్, రూబార్బ్ అన్నిటిలోనూ ఆక్సాలిక్ ఆమ్లం ఉంటుంది, మూత్రపిండాల్లో రాళ్లున్నవారు వైద్యుని అడిగి తినడం మంచిది.

ప్రశ్న: ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టగానే టమాట మొక్కలన్నీ గోధుమ రంగు మచ్చలతో మాడిపోయాయి, కాయలు కూడా కుళ్లాయి. పక్క మడిలో బంగాళాదుంప కూడా పోయింది. — ఒక పాఠకురాలు, డబ్లిన్

సమాధానం: ఇది లేట్ బ్లైట్. మన రైతులు ఆకుమాడు తెగులు అంటారు. 1845 నుంచి మీరున్న దేశంలోనే బంగాళాదుంప పంటను నాశనం చేసి మహా కరవుకు దారితీసిన తెగులు ఇదే. బంగాళాదుంప, టమాట ఒకే కుటుంబం కావడం వల్ల ఒకదాని నుంచి మరొకదానికి పాకుతుంది. వరుసగా రెండు రోజులు ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు తగ్గకుండా, రోజుకు కనీసం ఆరు గంటలు గాలిలో తేమ 90 శాతం గాని అంతకు మించి గాని ఉంటే తెగులు సోకే ప్రమాదం ఉన్నట్టు స్కాట్లండ్‌లోని జేమ్స్ హట్టన్ సంస్థ లెక్క కట్టింది. ఐర్లండ్ వాతావరణ శాఖ వేసవిలో ఈ తెగులు హెచ్చరికలు ప్రకటిస్తుంది, వాటిని గమనిస్తూ ఉండండి.

సోకిన తరువాత ఇంటి తోటలో నయం చేసే మందు లేదు. అందువల్ల ముందుచూపే దిక్కు. ఆకు తడవకుండా ఉండటమే కీలకం. టమాటను చూరు కిందగాని గ్రీన్‌హౌస్‌లోగాని పెంచి, నీటిని మొదట్లోనే పోయండి, కింది ఆకులు తుంచి గాలి ఆడనివ్వండి. ఆరుబయటే పెంచవలసి వస్తే క్రిమ్సన్ క్రష్, మౌంటెన్ మ్యాజిక్ వంటి తట్టుకునే రకాలు ఎంచుకోండి. బంగాళాదుంపలో ముందస్తు రకాలు మార్చి నెలాఖరున నాటితే, తెగులు ఉధృతం కాకముందే, జూన్, జూలై నెలల్లో తవ్వుకోవచ్చు. ప్రధాన పంటకు సార్పో మీరా మంచి నిరోధక శక్తి గల రకం. మీ మడిలో మిగిలిన చిన్న దుంపలన్నిటినీ ఏరివేయండి, తెగులు వాటిలోనే శీతాకాలం దాటుతుంది.

ప్రశ్న: మిరప, టమాట నారు ఎప్పుడు పోయాలి, బయట ఎప్పుడు నాటాలి? మన పండుగల ప్రకారం చెబితే గుర్తుంటుంది. — ఒక పాఠకురాలు, అబర్డీన్

సమాధానం: మిరపకు కాలం ఎక్కువ కావాలి. సంక్రాంతి వెళ్లిన తరువాత, ఫిబ్రవరి ముగిసేలోగా విత్తండి. మొలకెత్తడానికి 20 నుంచి 25 డిగ్రీలు కావాలి, వేడినీళ్ల ట్యాంకు ఉన్న అలమర దానికి అనువైన చోటు. మొలక కనిపించిన రోజునే వెలుగులోకి తేవాలి, ఒక్క రెండు రోజులు ఆలస్యమైతే కాడ సన్నగా సాగి పడిపోతుంది. ఫిబ్రవరిలో మీ ఊళ్లో కిటికీ వెలుగు చాలదు కాబట్టి మామూలు తెల్ల ఎల్‌ఈడీ దీపాన్ని మొక్కల పైన జానెడు ఎత్తులో రోజుకు 14 గంటలు వెలిగించండి. టమాటను మార్చిలో, అంటే ఇంచుమించు ఉగాది రోజుల్లో, విత్తవచ్చు.

బయట నాటడానికి రోహిణి కార్తెను గుర్తు పెట్టుకోండి. ఆ కార్తె మే 25 ప్రాంతంలో ప్రవేశిస్తుంది. మన వైపు రోళ్లు పగిలే ఎండలు కాసే ఆ రోజులకే ఉత్తర బ్రిటన్‌లో ఆఖరి మంచు భయం చాలావరకు తీరుతుంది. లండన్ వైపు వారు ఒకటి రెండు వారాలు ముందే సాహసించవచ్చు. నాటే ముందు వారం పది రోజుల పాటు నారును పగలు బయట, రాత్రి లోపల ఉంచి అక్కడి గాలికి, ఎండకు అలవాటు చేయాలి. అబర్డీన్‌లో మిరపను మాత్రం వేసవిలో కూడా గ్రీన్‌హౌస్‌లోనో ఎండ కిటికీలోనో ఉంచండి. లోపల తేనెటీగలు రావు గనుక పూత రోజుల్లో మధ్యాహ్నం పూట కొమ్మను తేలికగా తట్టండి, పిందె కడుతుంది.

ప్రశ్న: లేత మొక్కలన్నీ రాత్రికి రాత్రే నత్తల పాలవుతున్నాయి. — ఒక పాఠకుడు, స్వాన్సీ

సమాధానం: గుడ్డు పెంకులు, రాగి పట్టీలు నమ్ముకోకండి. రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2018లో వీటిని పరీక్షించినప్పుడు ఏ ప్రయోజనమూ కనిపించలేదు. నత్తలను చంపే మెటాల్డిహైడ్ గుళికలను గ్రేట్ బ్రిటన్‌లో 2022 వసంతం నుంచి ఆరుబయట వాడకుండా నిషేధించారు, పాత డబ్బా ఇంట్లో ఉన్నా వాడరాదు. ఫెర్రిక్ ఫాస్ఫేట్ గుళికలను పలచగా చల్లండి, నేల 5 డిగ్రీలు దాటాక నీటిలో కలిపి పోసే నెమటోడ్లు (నత్తలను చంపే కంటికి కనిపించని పురుగులు) మరింత మేలు. అన్నిటికన్నా ముఖ్యం, నారును కుండీలో బాగా ముదరనిచ్చి నాటడం, సాయంత్రం కాకుండా ఉదయం నీరు పెట్టడం.

ప్రశ్న: ఏలూరు నుంచి మా అత్తమామలు వస్తున్నారు. విత్తనాలు, కరివేపాకు మొక్క తెమ్మనవచ్చా? — ఒక పాఠకురాలు, స్లౌ

సమాధానం: తెమ్మనవద్దు. భారతదేశం నుంచి గ్రేట్ బ్రిటన్‌కు తెచ్చే మొక్కలన్నిటికీ, టమాట, మిరప, చిక్కుడు జాతి వంటి అనేక విత్తనాలకు తెగుళ్లు, పురుగులు లేవని వ్యవసాయ శాఖ ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి, అది లేకపోతే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. ఇది కేవలం కాగితాల పట్టింపు కాదు. టమాట, మిరప కాయలను గరుకుగా, మచ్చలుగా మార్చే ఒక వైరస్ విత్తనం మీదనే దేశాలు దాటుతుంది. నిమ్మ జాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. అమెరికాలో ఫ్లోరిడా, కాలిఫోర్నియాల్లో కరివేపాకు మొక్కల రవాణాపై ఆంక్షలు విధించింది అందుకే. మెంతులు, ధనియాలు, ఆవాలు మీ వంటింట్లోనే ఉన్నాయి, అవన్నీ మొలకెత్తుతాయి. మిగిలినవి స్థానిక విత్తన సంస్థల దగ్గర కొనుక్కోండి.

ప్రశ్న: మాది మూడో అంతస్తు ఫ్లాట్. పెరడు లేదు. కౌన్సిల్ వారు తోట స్థలాలు అద్దెకిస్తారని విన్నాము. వివరాలు చెప్పగలరు. — ఒక దంపతులు, లెస్టర్

సమాధానం: వాటిని అలాట్‌మెంట్లు అంటారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో వీటికి 1908 నాటి చట్టం ఆధారం. పూర్తి స్థలం సంప్రదాయంగా 10 రాడ్లు, మన లెక్కలో సుమారు 302 చదరపు గజాలు. మన ఊళ్లో ఒక ఇంటి స్థలమంత నేల, ఉద్యోగం చేసుకునే ఇద్దరికి అది చాలా ఎక్కువ. సగం స్థలం, వీలైతే పావు స్థలం అడగండి. పేరు కౌన్సిల్ వద్దగాని, ఆ తోటను నడిపే సంఘం వద్దగాని నమోదు చేయించుకోవాలి. కొన్నిచోట్ల నిరీక్షణ ఏళ్లు పడుతుంది కనుక చుట్టుపక్కల ఉన్న ఒకటి కన్నా ఎక్కువ తోటల జాబితాల్లో చేరండి. మీ ప్రాంతంలో స్థలాలే లేకపోతే, అక్కడి ఓటర్లుగాని కౌన్సిల్ పన్ను చెల్లించేవారుగాని ఆరుగురు కలిసి లిఖితపూర్వకంగా కోరితే కౌన్సిల్ ఆ కోరికను పరిశీలించవలసి ఉంటుంది. ఇన్నర్ లండన్‌లో కౌన్సిళ్లకు స్థలాలు సమకూర్చే బాధ్యత లేదు.

స్థలం చేతికి వచ్చిన మొదటి ఏడాది మొత్తం తవ్వాలని నడుము విరుచుకోకండి. పావు వంతులో బంగాళాదుంప, రన్నర్ బీన్స్, లీఫ్ బీట్ వేసి, తక్కిన నేలను అట్టపెట్టెల అట్టతో కప్పి, దాని మీద కంపోస్టు పరవండి. మరుసటి ఏడాదికి కలుపు చాలావరకు చచ్చి నేల మెత్తబడుతుంది. అక్టోబరులో వెల్లుల్లి రేకలు తప్పక నాటండి. చక్కగా పాయలు విడివడటానికి వెల్లుల్లికి చలి కావాలి, ఆ దేశంలో అది పుష్కలం. జూలైలో ఆకులు పసుపుబారినప్పుడు తవ్వి ఆరబెడితే మళ్లీ ఏడాది వరకు పోపులకు సరిపోతుంది.

ఆ లోగా బాల్కనీలో మెంతికూరతో మొదలుపెట్టండి. నాలుగంగుళాల లోతున్న ట్రేలో గుప్పెడు నానబెట్టిన మెంతులు చల్లితే మూడు నాలుగు వారాల్లో కోతకు వస్తుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు రెండు ట్రేలు మార్చి మార్చి విత్తుతూ ఉంటే ఇద్దరికి కొరత ఉండదు. తడిసిన మట్టి చాలా బరువు కాబట్టి పెద్ద కుండీలు పెట్టే ముందు బాల్కనీ ఎంత బరువు మోయగలదో భవన యజమానిని అడిగి తెలుసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వరకు పగలు పది గంటలకన్నా తక్కువ ఉంటుంది గనుక, ఆ రోజుల్లో ఏ ఆకుకూరా దాదాపుగా ఎదగదు. ఆ కాలానికి కావలసిన ఆకును సెప్టెంబరు నాటికే మొక్క మీద పెరిగేలా చూసుకుని, అవసరానికి కొద్దికొద్దిగా కోసుకోవాలి.